మైకంగడి పిల్ల

పోయిన వారం మా శిక్షణ తరగతిలో ఒక అమ్మాయి మైకు పట్టుకుని నిలబడి, నోరు తెరిచి, ఒక్క మాటైనా రాక అలాగే మూసుకుంది. నాయుడుపేట దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సెక్కి వస్తుంది, తండ్రి శ్రీసిటీలో ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలు చేస్తాడు, పిల్లకు టీవీలో వార్తలు చదవాలని ఆశ. తక్కిన పిల్లలు భయమెందుకు, భయపడకు అని తలా ఒక మాట అందించారు గానీ నేను మాత్రం ఏమీ అనలేదు. ఇన్నేళ్ళుగా ఎంతోమందికి మాట్లాడటం నేర్పాను, గొంతు అమ్ముకునే బతికాను, అయినా భయపడకు అనే మాట ఎవరికీ చెప్పలేను, చెబితే అబద్ధమవుతుంది. ఆ అమ్మాయి మెడ దగ్గర నరం కొట్టుకోవడం చూడలేక పక్క గదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి కూర్చున్నాను. కూర్చున్నదాన్ని చాలాసేపు లేవలేకపోయాను. డెబ్బైల నాటి తిరుపతి, రైలు స్టేషను దగ్గర మా వీధి, అందులో మా మైకంగడి అన్నీ గుర్తుకొచ్చాయి.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో కొత్త సినిమా వచ్చిందంటే ఊరికి తెలిసేది జట్కాబండి వల్లనే. బండికి రెండువైపులా అట్టల మీద అతికించిన బొమ్మలు, పైన గొట్టం మైకు, లోపల మనకు కనబడకుండా కూర్చుని ఊరంతా వినబడే ఒక మనిషి. చిత్తూరులో ఆ మనిషి మా నాయన. ఆయన గొంతు వినగానే పిల్లలు నోటీసు కాగితాల కోసం బండి వెంట పరుగెత్తేవాళ్ళు, నేను మాత్రం సిగ్గుతో ఇంట్లోకి దూరేదాన్ని. మా నాయన అని చెప్పుకోవడానికి సిగ్గు కాదు, ఊరంతా ఆయన వైపు చూస్తుంటే ఏదో అవుతుందని నాకు పుట్టుకతో వచ్చిన భయం. తరువాత ఆయన నాలుగు గొట్టాలు, ఒక ఆంప్లిఫయరు, రెండు బ్యాటరీలు సమకూర్చుకుని తిరుపతికి మకాం మార్చాడు. పెళ్ళిళ్ళకు, సభలకు మైకు అద్దెకివ్వడం, అరవవాళ్ళు వెంకన్నకు ప్రీతి అని మొక్కే పెరటాసి నెల వచ్చిందంటే యాత్రికుల రద్దీలో వీధి పొడవునా స్తంభాలకు గొట్టాలు కట్టి అంగళ్ళ పేర్లు చెప్పడం, ఆ మధ్యమధ్యలో తప్పిపోయినవాళ్ళ ఆనవాళ్ళు చెప్పడం ఆయన పని. తమిళదేశం నుంచి పెరటాసి శనివారాలకు వచ్చే జనం ఎంతమందో మీకు తెలుసు కదా, అంత జనంలో ప్రతి గంటకూ ఎవరో ఒకరు తప్పిపోయేవాళ్ళు, ఎవరో ఒకరు ఏడుస్తూ మా గడపలోకి వచ్చేవాళ్ళు.

నేను కాలేజీలో చేరిన ఏడాది నాయన గొంతులో గడ్డ లేచింది. మొదట మిరియాల కషాయమన్నారు, తరువాత ఎండలో అరిచినందుకు అన్నారు, చివరికి వేలూరు తీసుకుపోతే ఆపరేషను చేసి ప్రాణం నిలబెట్టారు, గొంతు మాత్రం పోయింది. మెడ మీద చిన్న రంధ్రం మిగిలింది, దానిలోంచే ఊపిరి. ఆ రంధ్రాన్ని ఎవరూ చూడకుండా తువ్వాలు కప్పుకుని అంగట్లో కూర్చునేవాడు. బల్ల మీద వేలితో కొడితే పిలుస్తున్నట్టు, చెయ్యి అడ్డంగా ఊపితే వద్దన్నట్టు. మా ఇంట్లో మాటలు అంతవరకే మిగిలాయి. ఆయన నిద్రపోతుంటే ఆ ఊపిరి శబ్దం ఆగిపోతుందేమోనని నేను గోడకానుకుని వింటూ ఉండేదాన్ని. జీవితంలో శ్రద్ధగా వినడం నేను మొదట నేర్చుకున్నది అక్కడే, దాని నిండా భయమే.

మాట్లాడేవాడు లేని మైకుకు గిరాకీ ఏముంటుంది? పెళ్ళివాళ్ళు వేరే అంగడికి పోయారు. పొయ్యి వెలగడం కష్టమైన రోజుల్లో ఒక పొద్దున నాయన నన్ను పిలిచి, మైకు నా ముందుకు జరిపి, నా మొహం వైపు చూడకుండా వీధివైపు చూస్తూ కూర్చున్నాడు. నాకర్థమైంది. అదే వీధి చివర ఇత్తడిసామాను అంగడి పెట్టుకున్న మా పెదనాయనకు ఈ సంగతి తెలిసి ఆ మధ్యాహ్నమే వచ్చాడు. ఆయన గట్టిగా మాట్లాడితే ఇంట్లో గిన్నెలు కూడా వింటాయని అమ్మ అనేది.

"ఆడబిడ్డ గొంతు బజార్లో ఇనపడితే రేప్పొద్దున సంబంధాలు యాడొస్తాయిరా? నలుగురూ నగరా?" అన్నాడు. నాయన తువ్వాలు సర్దుకున్నాడే గాని తల ఎత్తలేదు. అమ్మ తలుపు చాటునుంచే, "పొయ్యి ఎలగనప్పుడు రాని నలుగురు, నగేదానికి మాత్రం వస్తారా బావా?" అంది. పెదనాయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరిలో ఎవరు గెలిస్తే నాకు మేలో ఆ రోజు నాకు తెలియలేదు, నిజం చెప్పాలంటే పెదనాయనే గెలవాలని లోపల్లోపల మొక్కుకున్నాను.

అలా మొదలుపెట్టాను. బట్టల అంగడి పేరు చెప్పేటప్పుడు వణికేది, కాఫీపొడి అంగడి పేరు చెప్పేటప్పుడు వణికేది, తప్పిపోయిన ముసలాయన ఆనవాళ్ళు చెప్పేటప్పుడు మరీ వణికేది. వీధిలో పోయేవాళ్ళు ఆగి అంగట్లోకి తొంగిచూసి, ఆడపిల్లే అని తేల్చుకుని పోయేవాళ్ళు. నాయనకు ఈ పనిలో కొన్ని పట్టింపులుండేవి, అవి ఆపరేషనుకు ముందే నాకు చెప్పి ఉన్నాడు. తప్పిపోయిన పసిబిడ్డను పేరు పెట్టి మైకులో పిలవకూడదు. పిలిస్తే ఆ బిడ్డ తన పేరు విని, ఏ గొట్టంలోంచి వస్తోందో తెలియక, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి పరుగెత్తి ఇంకా దూరమైపోతాడు. చెప్పవలసింది పెద్దవాళ్ళకు, వాళ్ళ కళ్ళకు ఆనవాలు అందించాలి, అంతే. నేను అది తప్పకుండా పాటించేదాన్ని. నియమమనేది ఒకటి ఉంటే పట్టుకోవడానికి గోడ దొరికినట్టుంటుంది కదా.

ఆ పెరటాసిలోనే ఒక శనివారం ఎండ దిగేవేళకు ఒక తల్లి చంకలో మూటతో మా గడప మీద వచ్చి పడింది. పలమనేరు వైపు మనిషి. కొండ దిగి బస్సు దిగారు, రైలు స్టేషను వైపు నడుస్తుంటే చెయ్యి విడిపోయింది, బిడ్డ లేడు. "మూడేండ్ల మగబిడ్డమ్మా, ఇంత జడుండాది, మల్లెపూలు సుట్టినా, నీలం సొక్కా ఏసినా. సెప్పు తల్లీ, మైకులో సెప్పు," అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. ఆమె గోళ్ళు దిగిన చోట నాలుగు రోజులు మంట పుట్టింది. పుట్టువెంట్రుకలు తీయించేదాకా మగబిడ్డకు జడ వేసి పూలు పెట్టడం మన వైపు మామూలే, అందులో నాకు వింత ఏమీ తోచలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే నాలుగు గొట్టాల్లోంచి చెప్పాను. జడ, మల్లెపూలు, నీలం చొక్కా. మళ్ళీ చెప్పాను. నాకొచ్చిన చిత్తూరు అరవంలో కూడా చెప్పాను. బిడ్డ తండ్రి అప్పటికే వీధుల్లో పడి వెతుకుతున్నాడు, ఆయన చెవిలోనూ ఆ మాటలే పడుతున్నాయి.

చెబుతున్నకొద్దీ పొద్దు వాలింది గాని బిడ్డ రాలేదు. ప్లాట్‌ఫారం మీద బండి కూసినప్పుడల్లా ఆ తల్లి ఉలిక్కిపడి లేచేది, ఆ బండిలో బిడ్డను ఎవరైనా ఎక్కించుకుపోయారేమోనని. ఆమె ఉలిక్కిపడిన ప్రతిసారీ నేను మళ్ళీ మైకు అందుకునేదాన్ని. ఆ ఏడాది పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఊరంతా పుకారు, మీ ఊళ్ళలో కూడా ఉండే ఉంటుంది, కొత్తమనిషి పసిబిడ్డ వైపు చూసి నవ్వినా అనుమానించే కాలం.

సరిగ్గా అప్పుడే వీధి ఆ చివర పెద్ద గోల లేచింది. రోడ్డు పక్క పూసలమ్ముకునే ఒకాయన, నేను మైకులో చెప్పిన ఆనవాలు విని, మిఠాయి అంగడి ముందు ఏడుస్తున్న జడబిడ్డను ఎత్తుకుని మా అంగడికి తెస్తున్నాడు. ఆ బిడ్డ ఆడపిల్ల. ఆ పిల్ల తల్లి పక్కనే పూలు బేరం చేస్తూ తిరిగి చూసేసరికి తన కూతురు ఎవరి భుజం మీదో పోతోంది. ఆమె పెట్టిన కేకకు జనం మూగి, పూసలాయన చొక్కా పట్టుకుని కొట్టడం మొదలుపెట్టారు. ఆయన ఏడుస్తూ మైకంగడి వైపు వేలు చూపించాడు. చూపించగానే ఆ జనమంతా మా మీదికి తిరిగింది. "మైకులో ఆనవాలు సెప్పి, మనుషుల్ని పెట్టి బిడ్డల్ని ఎత్తకపోతా ఉండారప్పా ఈళ్ళు!" అని ఎవడో అరిచాడు. మా గాజు అలమర మీద రాయి పడి పగిలింది.

నా బతుకులో అంత భయం అంతకుముందు లేదు, ఆ తరువాతా లేదు. అమ్మ ఊళ్ళో లేదు. నేను బల్ల వెనక నక్కి, మైకు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, అది నన్ను కాపాడుతుందన్నట్టు కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నాయన గడపలో నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ చాపి. వాళ్ళకు ఏమని చెప్పగలడు? ఒకడు ఆయన భుజం పట్టి లాగబోయాడు. నాయన మెల్లగా మెడ మీది తువ్వాలు తీసేశాడు. ఇన్ని నెలలు ఇంటికొచ్చిన చుట్టాలక్కూడా కనబడనివ్వని ఆ రంధ్రాన్ని, అది బుసబుసమని ఊపిరి తీయడాన్ని, వీధి నిండా ఉన్న పరాయివాళ్ళకు చూపించాడు. ముందున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. అలా వాళ్ళు వెనక్కి తగ్గిన సందులోంచి తప్పిపోయిన బిడ్డ తండ్రి లోపలికి వచ్చి, భార్య పక్కన కూలబడ్డాడు. తిరిగి తిరిగి చెమటలు కారుతున్నాయి, నున్నని కొత్త గుండు మీది గంధం ఆ చెమటతో కరిగి కనుబొమల మీదికి జారుతోంది.

నేను ఆ గంధం వైపే చూస్తూ ఉండిపోయాను. కొండ దిగి వచ్చినవాళ్ళు. మొక్కు తీర్చుకుని వచ్చినవాళ్ళు. "అమ్మా, బిడ్డకు గుండు కొట్టించినారా?" అని అడిగాను. నా గొంతు నాకే వినబడలేదు, మళ్ళీ అడిగాను. ఆమె నా వైపు అయోమయంగా చూసి, మొగుడి తలవైపు చూసి, చంకలోని మూట విప్పింది. అందులో, గుండు తరువాత స్నానం చేయించి విప్పేసిన నీలం చొక్కా తడిగా ఉంది. మూడేళ్ళుగా తన చేత్తో దువ్వి, నూనె రాసి, జడ అల్లిన బిడ్డను తల్లి ఎలా గుర్తుపెట్టుకుంటుందో అలాగే చెప్పింది పాపం, ఆ జడ ఆ పొద్దునే దేవుడికి ఇచ్చేసినట్టు ఆమె కళ్ళకు ఇంకా తెలియలేదు. తండ్రికీ తెలియలేదు. ఊళ్ళో మూడొంతుల తలలు గుండ్లే అయిన తిరుపతిలో పెరిగిన నాకూ తట్టలేదు. భయం కళ్ళు తెరిపిస్తుందంటారు గాని నాకైతే ఆ వేళదాకా మూసే ఉంచింది.

అయితే ఇప్పుడేం చెప్పాలి? గుండు, గంధం, మూడేళ్ళ మగబిడ్డ అంటే ఆ వీధిలో అలాంటివాళ్ళు లెక్కలేనంతమంది. ఆనవాలే లేదు. బయట జనం ఇంకా కదల్లేదు, పూసలాయన చిరిగిన చొక్కాతో మా మెట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాడు. నాయన బల్ల మీద వేలితో కొట్టాడు. మాట్లాడమని. నేను స్విచ్చి వేశాను. దవడలు కొట్టుకుంటున్నాయి, ఆ చప్పుడు కూడా గొట్టాల్లోంచి వీధంతా వినబడే ఉంటుంది.

అయ్యల్లారా, అమ్మల్లారా, ఎక్కడివాళ్ళు అక్కడే ఆగండి అన్నాను. మీ చెయ్యి పట్టుకున్న బిడ్డ మొహం ఒక్కసారి చూసుకోండి అన్నాను. గుండు చేయించిన పిల్లలున్నవాళ్ళు మరీ చూసుకోండి, ఒకరు తక్కువున్నారేమోనని కాదు, ఒకరు ఎక్కువున్నారేమోనని చూసుకోండి. అదే అరవంలో కూడా చెప్పి, నాకు ఇంక మాటలు దొరకక మైకు ముందే ఏడ్చేశాను. ఆ ఏడుపు కూడా నాలుగు గొట్టాల్లోంచి వెళ్ళింది.

వీధి ఆగింది. దీన్ని నేను ఎన్నిసార్లు చెప్పినా నా దగ్గర నేర్చుకునే పిల్లలు నమ్మరు, మీరైనా నమ్మాలి. రిక్షాలు ఆగాయి, జట్కాలు ఆగాయి, బస్సు డ్రైవరు ఇంజను ఆపేశాడు. మమ్మల్ని కొట్టడానికి వచ్చినవాళ్ళు కూడా వంగి తమ బిడ్డల గడ్డాలు పట్టుకుని మొహాలు పైకెత్తి చూసుకున్నారు. అంతమంది జనం అంత నిశ్శబ్దంగా ఉండటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఆ నిశ్శబ్దం నన్ను గోలకన్నా ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే అందులోంచి ఏమీ రాకపోతే ఇంక చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

స్టేషను గేటు పక్కనున్న సత్రం అరుగు మీదినుంచి ఒక ముసలమ్మ అరిచింది. "ఓర్నాయనో, ఈడు మావోడు కాదంట సూడండబ్బా! గిన్నెడు పెరుగన్నం తినిపించినా గదరా నీకు!" మదనపల్లె వైపునుంచి వచ్చిన పెద్ద కుటుంబం వాళ్ళది, కొడుకులు, కోడళ్ళు, ఒకే ఈడు పిల్లలు నలుగురైదుగురు, అందరికీ ఒకే రోజు గుండ్లు. రైలుకు ముందు పిల్లలకు అన్నం పెడదామని వరసగా కూర్చోబెడితే, ఈ బిడ్డ కూడా ఆ వరసలో కూర్చున్నాడు. ఆమె చెయ్యి చాపితే నోరు తెరిచాడు, ఆమె పెట్టింది. మనవళ్ళలో ఒకడనుకుంది. గుండు కొట్టిన తరువాత కన్నబిడ్డే కొత్తగా కనబడతాడు, ఇంక మనవళ్ళ సంగతి చెప్పాలా? వాణ్ణి చంకనేసుకుని ఆమే మా అంగడికి మోసుకొచ్చింది. తల్లి వాణ్ణి లాక్కుని, ముందు వీపు మీద ఒక్కటేసి, తరువాత ఆ బోడితలను ముద్దులతో తడిపేసి, మళ్ళీ ఏడ్చింది. వాడు మాత్రం ముసలమ్మ వైపు చూసి ఇంకో ముద్ద పెట్టమన్నట్టు నోరు తెరిచాడు. అప్పుడు జనం నవ్వారు, నేను నవ్వలేకపోయాను, ఆ రాత్రంతా జ్వరంతో వణికాను.

మర్నాడు పెదనాయన వచ్చాడు. తిడతాడని ముడుచుకున్నాను. ఆయన జేబులోంచి తాటికలకండ పొట్లం తీసి బల్ల మీద పెట్టి, "గొంతుకు మంచిది, నోట్లో ఏసుకోమ్మా," అన్నాడు. నిన్న తన అంగట్లో ఇత్తడి బిందె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడట, బిడ్డ దొరికాడని వినేదాకా. ఆ తరువాత మా ఇంట్లో నా గొంతు గురించి ఎవరూ గొడవ పడలేదు.

అక్కడినుంచి నా బతుకు నడిచిన దారి మీకు కథలా అనిపించవచ్చు గాని నాకు మాత్రం ఒక భయం తరువాత ఇంకో భయం. టేపురికార్డరు వచ్చాక అంగళ్ళ ప్రకటనలు క్యాసెట్లలో చదివి చిత్తూరు, కాణిపాకం, పుత్తూరు దాకా పంపాను. రేడియోవాళ్ళు పిలిచినప్పుడు గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి ఎర్రదీపం వెలిగిస్తే, ఎవరూ కనబడని ఆ చోట వీధిలోకన్నా ఎక్కువ వణికాను. అద్దెకు గది తీసుకుని గోడలకు గోనెపట్టాలు, దుప్పట్లు కొట్టి సొంత రికార్డింగు స్టూడియో అని బోర్డు పెట్టినప్పుడు, ఆడమనిషి వ్యాపారం ఎన్నాళ్ళు నిలుస్తుందని ఎదుటే అన్నవాళ్ళున్నారు. ఎనభైల చివర వీడియోలు వచ్చాక ఊళ్ళోని సంగతులు తీసి చూపించే పని మొదలుపెట్టాను, అప్పుడు బెదిరింపులు కూడా వచ్చాయి. ప్రతిసారీ అదే భయం. తగ్గుతుందేమోనని చాలాకాలం ఎదురుచూశాను, తగ్గలేదు, తరువాత ఎదురుచూడటం మానేశాను. నాయన నా స్టూడియో ప్రారంభం చూశాకే కన్నుమూశాడు. రిబ్బను కత్తిరించేటప్పుడు తువ్వాలు లేకుండా వచ్చాడు, నేను అది గమనించినట్టు ఆయనకు కనబడనివ్వలేదు.

పిల్లలకు నేర్పడం నేను అనుకుని మొదలుపెట్టింది కాదు. ఒక రోజు పూసలాయన తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. దెబ్బలు తిన్నందుకు ఇన్నేళ్ళ తరువాత తిట్టడానికి వచ్చాడనుకున్నాను. ఆయన, "దీనికి నోరుండాది గాని ధైర్యం లేదమ్మా, నీ మాదిరి మాట్లాడేది నేర్పించు," అన్నాడు. నా మాదిరి అంటే భయపడుతూ అని ఆయనకు తెలియదు. ఆ పిల్ల నా మొదటి శిష్యురాలు. ఈ రోజు పెద్ద పెద్ద ఊళ్ళలో సభలు నడిపిస్తోంది, వేదిక ఎక్కే ముందు నాకు ఫోను చేసి చేతులు చల్లబడ్డాయమ్మా అంటుంది. మంచిది, ఎక్కు అంటాను.

ఇప్పుడు ఆ వీధిలో గొట్టాలు లేవు. స్తంభానికో కెమెరా ఉంది. బిడ్డ తప్పిపోతే ఫోటో క్షణంలో ఊరంతా తిరుగుతుంది, జడతో ఒకటి, గుండుతో ఒకటి, రెండూ అమ్మ ఫోనులోనే ఉంటాయి. పూసలాయనలాగా ఎవరూ దెబ్బలు తినక్కరలేదు, ఎవరి గాజు అలమరా పగలనక్కరలేదు. ఇది మంచి మార్పే, కాదనను. నా శిష్యులు మైకు ముందు నిలబడి నాకన్నా స్పష్టంగా, నాకన్నా అందంగా మాట్లాడతారు, నాకు గర్వమే. కానీ మొన్న అదే సత్రం ముందునుంచి నడుస్తుంటే, అరుగు మీద ఒక కుటుంబం అన్నాలు తింటోంది, ఎవరి పొట్లం వాళ్ళది, ఎవరి బిడ్డ వాళ్ళ ఒళ్ళో. పక్కన ఎవరిదో పసిబిడ్డ నిలబడి చూస్తుంటే, వాళ్ళమ్మ ఎక్కడుందో అని వాళ్ళు చుట్టూ చూశారు. తప్పులేదు, నేనున్నా అలాగే చూసేదాన్ని, ముట్టుకుంటే ఏమంటారోనని. ఆ బిడ్డ తల్లి వచ్చేదాకా నేను దూరంగా నిలబడి ఉన్నాను, భయపడుతూనే. నా భయం ఆ బిడ్డ తప్పిపోతాడని కాదు. ఎవరిదో తెలియని బిడ్డ నోరు తెరిస్తే, అడక్కుండా ఒక ముద్ద పెట్టే చెయ్యి ఆ అరుగు మీద ఇప్పుడు ఒక్కటైనా ఉందా అని.